నాణెముల గ్రంథములు – తోలు కట్టు : ఒక విచారణ

ప్రాచీన లేఖకులు ఒక గ్రంథమును వ్రాసి ముగించిన పిదప చివరి పత్రమున చదువరికొక విన్నపము చేయుట ఆచారము. ఈ పుస్తకమును నూనెనుండి రక్షింపుము, నీటినుండి రక్షింపుము, సడలిన కట్టునుండి రక్షింపుము, మూర్ఖుని చేతికీయకుము అని దాని భావము. పాఠశాలలో చదువుకొను నాళ్ళలో మేము దానిని పరిహాసముగా వల్లించుచుండెడివారము. డెబ్బది యేండ్లు దాటిన పిదప ఇబ్రహీంపట్నములో ఒక ఇంటి బీరువా ముందు నిలిచినపుడు ఆ విన్నపమునకు నిజమైన యర్థము నాకు బోధపడినది. ఆ బోధమును ప్రాచ్య కళాశాలల విద్యార్థులతో పంచుకొనుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఇబ్రహీంపట్నము రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున, సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్నది. గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) పేరు ఆ ఊరికి నిలిచినది. ఆ ఊరి పెద్ద చెరువు ప్రసిద్ధము. అచట ఒక విశ్రాంతోపాధ్యాయులు నాకు చిరకాల మిత్రులు. ప్రచారము వారికి గిట్టదు గనుక పేరు వ్రాయుటలేదు. వారు నలుబది సంవత్సరములు శాతవాహన నాణెములను, నాణెములను గూర్చిన గ్రంథములను సేకరించిరి. గ్రంథములన్నిటికిని తోలు వెన్నును, తోలు మూలలును వేయించి, వెన్నుపై బంగారు రేకుతో గ్రంథనామమును, దాని క్రింద ఉజ్జయినీ చిహ్నమును అచ్చొత్తించిరి. కూడిక గుర్తు నాలుగు కొనలయందును నాలుగు వలయములుండు ఆ చిహ్నము శాతవాహన నాణెములపై తరచుగా కనిపించునదే. అది వారి ఇంటి ముద్ర వంటిదయ్యెను.

వారు గతించిన కొన్ని నెలలకు వారి కుమారుడు నన్ను పిలిపించెను. బీరువా తెరచి ఒక పుస్తకము నా చేతికిచ్చెను. చేయి ఇటుకపొడి పట్టుకొన్నట్లు ఎర్రబారినది. “పంతులుగారూ, ఈ ఎర్రపొడి ఎంత తుడిచినా పోతలేదు. తోలంతా పీకేసి కొత్త అట్టలు వేయించమంటరా?” అని యతడడిగెను. క్రింది అరలో చిన్న తోలు సంచులలో నాణెములుండెను. రాగి నాణెములపై పచ్చని మైనము వంటి పూతయు, సీసపు నాణెములపై తెల్లని పిండియు పట్టియుండెను. ప్రశ్న చిన్నదే. కాని సమాధానము చెప్పుటకు ముందు కొన్ని విషయములు విచారింపవలసియున్నది.

1. గ్రంథము – బంధము

గ్రంథ శబ్దమునకు మూలమైన ధాతువు కూర్చుట, ముడివేయుట అను నర్థములనిచ్చును. మన తాళపత్ర సంపుటములందు ఆకులకు రంధ్రము చేసి, దారము గ్రుచ్చి, పైకిని క్రిందికిని చెక్క బద్దలుంచి, వస్త్రమున చుట్టుదురు. ఈ బంధము విడదీయదగినది. దారము తెగినచో క్రొత్త దారము గ్రుచ్చవచ్చును. ఆకునకు హాని కలుగదు.

కాగితపు పుస్తకము అట్టిది కాదు. అచ్చయిన కాగితములను ఫారములుగా మడచి, మడతలలో కుట్టి, వెన్నునకు సరేసు పూసి, అట్టలకు అతికింతురు. ఇచట బంధము పుస్తక శరీరములోనిదే. దానిని విప్పుట శస్త్రచికిత్స వంటిది. దక్కను ప్రాంతమున ఈ విద్య ముస్లిము లేఖక సంప్రదాయముతో వర్ధిల్లినది. జిల్దు, జిల్దుసాజు, దఫ్తరీ, జుజ్‌బందీ అను మాటలు ఆ మార్గముననే మన నాల్కలపైకి వచ్చినవి. మధ్యమున పతకము వంటి చిత్రమును అచ్చొత్తి, అంచులను కప్పు మడతరెక్కనుంచిన తోలు జిల్దులు ఆ సంప్రదాయమునకు గురుతు. మూడవ సాలార్‌జంగు (1889–1949) ప్రధానముగా కూర్చిన వస్తుసంచయమునుండి 1951లో వెలసిన సాలార్‌జంగ్ మ్యూజియములో వ్రాతప్రతులును, నాణెములును ఒకే కప్పు క్రింద నుండుట మన నగరమునకు లభించిన భాగ్యము.

2. చర్మము గ్రంథమునకు తగునా?

మా గురువుల తరమువారిలో పెక్కండ్రు తోలు కట్టు పుస్తకమును పూజాపీఠమున నుంచుటకు సంకోచించెడివారు. ఆ సంకోచమును నేను హాస్యము చేయను. కాని శాస్త్రము ఏమనినదో చూడవలెను. ఉపనయనమున వటువునకు అజినము విహితము. యజ్ఞమున హవిస్సుకై ధాన్యము దంచునపుడు రోటి క్రింద కృష్ణాజినము పరచుదురు. సోమలతను దంచుటకు అధిషవణ చర్మము కలదు. మనుస్మృతి పంచమాధ్యాయము చర్మమునకు వస్త్రమునకు వలెనే శుద్ధి చెప్పినది. కౌటిలీయార్థశాస్త్రము ద్వితీయాధికరణమున కోశమున చేర్చదగిన విలువగల వస్తువులలో నానావిధములైన చర్మములను లెక్కించి, ఆ అధికరణముననే టంకశాలను చూచు లక్షణాధ్యక్షుని, నాణెములను పరీక్షించు రూపదర్శకుని పేర్కొనినది. కావున చర్మమును, నాణెమును ఒక్క కోశముననుండుట మన శాస్త్రకారులకు క్రొత్త కాదు. అవి ఎట్లుండవలెననునదే విచారింపదగినది.

ఇచట ఒక మాట చెప్పక తప్పదు. తోలు కట్టు పుస్తకమును మెచ్చిన లోకమే, లంద గుంతలో నిలిచి ఆ తోలును పదునుచేసినవారిని దూరముగా నుంచినది. వస్తువునకు శుద్ధి చెప్పి, వస్తుకర్తకు చెప్పకుండుట న్యాయము కాదు.

3. నాణెములవారు, తోలు కట్టు

నాణెముల సేకర్త తన గ్రంథములకు ప్రత్యేకముగా తోలు కట్టించుకొనుట మా మిత్రునితో మొదలయినది కాదు. పదునారవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు కోశాధికారి జాన్ గ్రోలియే (మరణము 1565) ఇందుకు ప్రథమోదాహరణము. అతడు ప్రాచీన నాణెములను సేకరించెను. తన పుస్తకములకు అందమైన తోలు కట్టులు వేయించి, అవి తనకును తన మిత్రులకును చెందినవని వానిపై అచ్చొత్తించెను. రోమను నాణెములను, తూనికలను గూర్చి గియోమ్ బ్యూదే రచించిన ప్రసిద్ధ గ్రంథమునకు వెనిసు నగరములోని ఆల్డైన్ ముద్రణాలయమువారు 1522లో వెలువరించిన ప్రతి అతనికే అంకితము. అమెరికాలో నాణెముల గ్రంథములను సేకరించువారు తమకై 1979లో ఒక సంఘమునే స్థాపించుకొనిరి. గ్రంథముపైని ప్రీతి ఏ దేశముననైనను ఒక్కటే.

గ్రోలియే కట్టులపై మిత్రులను కూడ చేర్చుట గమనింపదగినది. కట్టు కేవలము అలంకారము కాదు. పదిమంది చేతులు మారినను పుస్తకము నిలువవలెనను సంకల్పము దానియందు కలదు.

4. నాణెముల గ్రంథమునకు గల ప్రత్యేకత

కావ్యమునకో వ్యాకరణమునకో కట్టు చెడినను పాఠము చెడదు. మరియొక ప్రతి చూచుకొనవచ్చును. నాణెముల గ్రంథమునందు అట్లు కాదు. ర్యాప్సన్ పండితుడు 1908లో బ్రిటిష్ మ్యూజియముకై కూర్చిన ఆంధ్ర, క్షత్రప నాణెముల సూచికనే చూడుడు. వివరణము ముందు, చిత్రఫలకములు చివర. ప్రతి వివరణయు ఫలకసంఖ్యను, అందలి నాణెపు సంఖ్యను ఆధారము చేసికొనియుండును. సర్ వాల్టర్ ఎలియట్ 1886లో వెలువరించిన దక్షిణదేశపు నాణెముల గ్రంథమును, మారేమండ రామారావుగారు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియములోని శాతవాహన నాణెములపై 1961లో కూర్చిన సూచికయును ఈ విధముగనే ఫలకములు లేనిచో నిష్ప్రయోజనములు.

ఈ ఫలకములను కట్టించునపుడు మూడు ప్రమాదములు కలవు.

మొదటిది అంచులు కోయుట. బైండరు పుస్తకము నునుపుగా కనబడుటకై మూడు వైపుల యంత్రముతో కోయును. ఫలకసంఖ్య పై అంచున నుండుటచే అది తెగిపోవును. సంఖ్య పోయిన ఫలకము పేరు పోయిన నాణెమువలె మూగది.

రెండవది ప్రక్కకుట్టు. ఫారములను జుజ్‌బందీగా మడతలో కుట్టక, అన్నిటిని కలిపి ప్రక్కనుండి కుట్టినచో పుస్తకము సమతలముగా తెరచుకొనదు. లోపలి వరుసలోని నాణెములు వెన్నులోనికి మరుగుపడును. బలవంతముగా తెరచినచో ఫలకము విరుగును. సన్నని కాగితపు పట్టీని ఫలకమునకు అతికించి, ఆ పట్టీని ఫారములతో కుట్టుట సరియైన పద్ధతి.

మూడవది జిగురు. మైదాతో కాచిన జిగురు పురుగులకు విందు. పురుగు పట్టకుండుటకై కొందరు అందు మైలుతుత్తము కలుపుదురు. దాని ఆమ్లగుణము క్రమముగా కాగితమును తినును.

ఇంత సూక్ష్మముగా చెప్పుటకు కారణము కలదు. శాతవాహన రాజుల వెండి నాణెములపై ఒక వైపు ప్రాకృతమునను, రెండవ వైపు ఒక ద్రావిడ భాషయందును అక్షరములున్నవి. ఆ రెండవ భాష ప్రాచీన తమిళమా, తెలుగు పోలికలు గలదా అని పండితులు వాదించిరి. ఆ వాదమంతయు కొన్ని మిల్లీమీటర్ల బ్రాహ్మీ అక్షరములపై నిలిచినది. నాణెమును చేత పట్టలేని వానికి ఫలకమే నాణెము. ఫలకములో ఒక అక్షరము వెన్నుమడతలో మరుగైనచో మన భాషాచరిత్రలో ఒక సాక్ష్యము మరుగైనట్లే.

5. తంగేడు తోలు కథ

ఇక ఎర్రపొడి విషయము. పచ్చి తోలు కుళ్ళకుండుటకు దానిని వృక్షసారములలో నానవేయుదురు. ఆ సారములలోని టానిను అను కషాయ ద్రవ్యము చర్మములోని నారలకు పట్టి దానిని స్థిరపరచును. దక్షిణ దేశమున ఇందుకు ముఖ్యముగా వాడబడినది తంగేడు చెక్క. పిదప కరక్కాయ కషాయమున ముంచుట కూడ వాడుక. బతుకమ్మకు శిరోభూషణమై, 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పముగా ప్రకటింపబడిన తంగేడే ఇది. ఇబ్రహీంపట్నము చుట్టునున్న బీడు నేలలలో అది విరివిగా పూచును.

ఈ రీతిని పదునైన మేక, గొర్రె తోళ్ళు మన దేశమునుండి ఇంగ్లండునకు విశేషముగా ఎగుమతి యయ్యెడివి. అచటి వర్తకులు వానికి విచిత్రముగా ‘పర్షియను’ తోళ్ళని పేరు పెట్టిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఆ దేశపు గ్రంథాలయములందు క్రొత్త పుస్తకముల తోలు కట్టులు పొడియై రాలుచుండగా, వందల యేండ్ల నాటి పాత కట్టులు చెక్కుచెదరకుండెను. కారణము తెలిసికొనుటకు లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వారు 1900లో ఒక సంఘమును నియమించిరి. దాని నివేదిక 1901లోను, విస్తరించిన రూపమున 1905లోను వెలువడినది. వృక్షసారములు రెండు తెగలవని, సుమాక్ ఆకు చేరిన తెగతో పదునైన తోలు గ్రంథములకు మేలైనదని, తంగేడు చెక్క చేరిన తెగతో పదునైనది శీఘ్రముగా చెడునని ఆ సంఘము తేల్చినది. రంగువేయుటకు గంధకామ్లము వాడుటయు ఒక ప్రధాన దోషమని చెప్పినది. మన కరక్కాయ సుమాక్ తెగకు చేరినదగుట గమనింపదగినది.

దీని కార్యకారణభావము ఇట్టిది. పొగలోని గంధకవాయువును తోలు పీల్చుకొనును. అది తోలులోనే గంధకామ్లముగా మారును. ఆమ్లము చర్మపు నారలను తునుకలు చేయగా తోలు ఎర్రని పొడియగును. తంగేడు తెగ సారములు గల తోలున ఈ మార్పు త్వరగా జరుగును. ఇది పైనుండి పట్టిన దుమ్ము కాదు గనుకనే ఎంత తుడిచినను పోదు. తుడిచిన కొలది తోలే పోవును.

మన బీడునేలల పువ్వు దోషమిది కాదు. చెప్పులకు, మోటబొక్కెనలకు, పగ్గములకు తంగేడు తోలు చక్కగా పనికివచ్చినది. అవి కొన్ని యేండ్లు పని చేసి అరిగిపోవు వస్తువులు. నూరేండ్లు కదలక నిలువవలసిన పుస్తకమునకు వేరు గుణము కావలెను. ద్రవ్యము మంచిదే, వినియోగము తప్పినది.

6. నాణెమునకు తోలు సామీప్యము

ఎర్రపొడికంటె నన్ను భయపెట్టినవి తోలు సంచులలోని నాణెములు. తోలులోని ఆమ్లములును, మెరుపునకై పూసిన నూనెలలోని క్రొవ్వు ఆమ్లములును రాగితో కలిసి పచ్చని మైనము వంటి పదార్థమగును. అది నాణెపు పైపొరను, అందలి అక్షరమును హరించును. సీసమునకు మరింత ప్రమాదము. చెక్క బీరువాలనుండియు, నాసిరకపు అట్టపెట్టెలనుండియు వెలువడు ఎసిటిక్ మొదలైన ఆమ్లముల ఆవిరి మూసిన అరలో చేరి సీసమును తెల్లని పొడిగా మార్చును. శాతవాహనులు సీసపు నాణెములను విరివిగా ముద్రించినవారు. తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మతో ప్రసిద్ధమైన నాణెములు సీసపువే. రెండు వేల యేండ్లు మట్టిలో నిలిచిన ఓడ మన బీరువాలో కొన్ని యేండ్లకే మునుగుట విషాదము. మెత్తని ప్లాస్టిక్ అరల సంచులును నిరపాయములు కావు. వానిలోని పి.వి.సి. రాగికి హాని చేయును.

లేఖకుడు తైలమునుండి రక్షింపుమన్నది తాళపత్రపు మరకలను తలచి కావచ్చును. తోలు కట్టునకు నూనె పూయుట ఒకనాడు గ్రంథాలయములందు కూడ ఆచారమే. నేడు నిపుణులు దానిని వలదనుచున్నారు. నూనె ఎర్రపొడి రోగమును మాన్పదు. కాగితమునకు మరకయు, సమీపమునందలి రాగికి పచ్చయు తెచ్చును.

7. సమాధానము

మిత్రుని కుమారునకు ఉత్తరమిచ్చుటకు ముందు పుస్తకమును తెరచి చూచితిని. కట్టునకు లోపలి వైపు అతికించిన తెల్లకాగితముపై మా మిత్రుని చేవ్రాత. ఏ నాణెము ఏ ఊరి పాటిమీద, ఏ సంవత్సరమున, వాన తరువాత ఎవరికి దొరకినదో వరుసగా వ్రాసియుండెను. దాని ప్రక్క ఆ గ్రంథములోని ఏ ఫలకముతో అది సరిపోవునో సంఖ్య. ప్రతి పుస్తకమునను అట్లే. నాణెములకు వేరొక పట్టిక లేదు. తోలు పీకి, అట్ట మార్చినచో మొదట చెత్తబుట్టలో పడునవి ఆ కాగితములే.

దొరకిన చోటు తెలియని నాణెము సగము నాణెము. కరీంనగరు ప్రాంతమున గోదావరి యొడ్డుననున్న కోటిలింగాలలో శిముకుని నాణెములును, గోభద, నారన, సమగోప మొదలైన పేర్లు గలవియు లభింపగా, పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి పండితులు వానిని లోకమునకు తెలిపిరి. శాతవాహనుల తొలి పాలన తెలంగాణమున నుండెనను వాదమునకు బలము కలిగినది ఆ నాణెములు ఆ చోట దొరకినవని తెలియుట వలననే. అవే నాణెములు ఊరు పేరు లేక ఒక అంగడిలో కనిపించినచో ఆ వాదమే పుట్టదు.

ఈ నష్టము నాకు స్వానుభవము. మా గురువుగారు అంచులనిండ ఎర్రసిరాతో వ్రాసికొన్న ఒక నిఘంటువును, కట్టు సడలినదని, యౌవనమున నేనొక బైండరు చేతికిచ్చితిని. అతడు నునుపుగా కోసి, మెరయు అట్ట వేసి తెచ్చెను. ప్రతి పంక్తికిని చివరి రెండు మూడక్షరములు పోయినవి. గురువుగారు ఏమియు అనలేదు. పుస్తకమును మాత్రము మరల తెరవలేదు. అంచులు కోయవలదని చెప్పనివాడను నేను. కావున లేఖకుడు చెప్పిన మూర్ఖహస్తము బైండరుది కాదు, నాది.

కావున ఆ కుమారునకు ఇట్లు చెప్పితిని. తోలును పీకవలదు, తుడువవలదు, నూనె పూయవలదు. ప్రతి పుస్తకమును ఆమ్లరహితమైన కాగితమున చుట్టి, నిలువుగా, ఒరగకుండ నుంచుము. పొడి రాలుట ఆపవలెనన్నచో హైడ్రాక్సీప్రోపైల్ సెల్యులోజును ఆల్కహాలున కరగించి పలుచగా పూయు విధానము కలదు. కాని అది తెలిసినవారే చేయవలెను. వానాకాలమున చెమ్మను, వేసవిలో ఎండను తగులనీయకుము. వస కొమ్మును పలుచని గుడ్డలో మూటగట్టి అరలో నుంచు మన పూర్వుల పద్ధతి పురుగునకు మంచిదే. కాని ఆ మూట తోలునకును, నాణెమునకును తగులరాదు. నాణెములను నేడే తోలు సంచులనుండి తీసి, ఆమ్లరహితమైన కాగితపు పొట్లములందు, లోహపు అరలోనుంచుము. తెల్లపొడిని గీకవలదు. ఏ సంచిలోనిది ఏ నాణెమో కలిసిపోకుండ మొదట సంఖ్య వేయుము. అన్నిటికంటె ముందు ఆ చేవ్రాత కాగితములన్నిటికిని ఛాయాచిత్రములు తీయించి, ఒక పట్టిక వ్రాయుము.

అతడు వినెను. ఆ సాయంకాలమే మేమిద్దరమును తొలి పుస్తకపు పట్టిక వ్రాయుటకు కూర్చుంటిమి. అతని తండ్రి చేవ్రాతను అతడు చదువుచుండగా నేను వ్రాసితిని. మూడవ పంక్తి చదువునపుడు అతని గొంతు తడబడినది. తాను బాల్యమున తండ్రితో కూడ వెళ్ళిన ఊరి పేరది.

8. ఉపసంహారము

గ్రంథమనగా కూర్పు. అక్షరమును కాగితముతో, కాగితమును తోలుతో, నాణెమును అది దొరకిన నేలతో, తండ్రిని కుమారునితో కూర్చునదే బంధము. తోలు కట్టు పూజ్యమా, త్యాజ్యమా అను ప్రశ్నకు నా సమాధానమిది: క్రొత్తగా కట్టించువారు సుమాక్ తెగ సారముతో పదునైన తోలునో, లేదా గట్టి ఖద్దరు గుడ్డనో ఎన్నుకొని, జుజ్‌బందీ కుట్టునడిగి, అంచులు కోయవలదని చెప్పి ఇయ్యవలెను. పాత కట్టు ఎంత శిథిలమైనను, అందేమి వ్రాసియున్నదో చదువక విప్పరాదు. మన కళాశాలల గ్రంథాలయములందును దాతలిచ్చిన ఇట్టి పుస్తకములున్నవి. వాని లోపలి అట్టలను ఒక్కసారి తెరచి చూడవలసినదిగా విద్యార్థులను కోరుచున్నాను.